గుగ్గులు: తూకం ఒక్కటే చాలదు, పరీక్ష కూడా చూడాలి

గుగ్గులు కొనుగోళ్లలో రంగు, వాసన చూసి బేరం కుదుర్చుకోవడం పాత పద్ధతి. ధూపానికి అది నేటికీ సరిపోతుంది. మందుల తయారీదారులు మాత్రం ప్రయోగశాల ఇచ్చిన కాగితం చూసి సరుకు దించుకుంటారు. ఈ తేడా గమనించని వర్తకునికి సరుకు తిరిగి వచ్చే ప్రమాదమున్నది.

రాజస్థాన్ ఎడారి, గుజరాత్‌లోని కచ్ఛ్, సరిహద్దుకు ఆవల సింధు ప్రాంతాలలో పెరిగే ముళ్ల పొద బెరడుకు గాటు పెడితే కారే బంక ఇది. మన వైపు మహిషాక్షి అని కూడా అంటారు. గుగ్గిలం వేరు, అది సాల వృక్షపు బంక. ఆర్డరు రాసేటప్పుడు ఈ రెండు పేర్లు తారుమారు కాకుండా చూసుకోవాలి.

ఈ ఎడారి బంకకు ప్రయోగశాలలో గిరాకీ కలిగించినది డాక్టర్ జి.వి. సత్యవతి పరిశోధన. సుశ్రుత సంహితలోని వర్ణన ఆధారంగా కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఆమె కుందేళ్లపై పరీక్షలు జరిపి, 1966లో సిద్ధాంత వ్యాసం సమర్పించారు. గుగ్గులు ఇచ్చిన కుందేళ్ల రక్తంలో కొలెస్టరాల్ తగ్గినట్లు అందులో చూపారు. తరువాత లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ ఆ బంక నుంచి గుగులిపిడ్ అనే మందును రూపొందించింది.

పద్ధతి ఇది: బంకను ఇథైల్ ఎసిటేట్ అనే ద్రావకంలో వేస్తారు. సుమారు 45 శాతం కరుగుతుంది. మందు గుణం ఆ భాగంలోనే వున్నది. కరగని భాగాన్ని తీసివేస్తారు. కరిగిన భాగంలో గుగ్గుల్‌స్టెరోన్ ఇ, జెడ్ అనే రెండు పదార్థాల శాతాన్ని యంత్రంపై కొలుస్తారు. ఇసుక, బెరడు, ఇతర బంకలు కలిస్తే ఆ శాతం పడిపోతుంది. అందుచేత ఒకే తూకం గల రెండు బస్తాల విలువ ఒకటి కాకపోవచ్చు.

మందు ఫలితాలపై మాత్రం ఏకాభిప్రాయం లేదు. 1989లో ప్రకటించిన భారతీయ పరీక్షలో గుగులిపిడ్ వాడిన 125 మందికి కొలెస్టరాల్ సగటున 11 శాతం తగ్గింది. 2003లో అమెరికాలో 103 మందిపై 8 వారాలు జరిపిన పరీక్షలో, మందు వాడినవారికి చెడు కొలెస్టరాల్ తగ్గకపోగా 4, 5 శాతం పెరిగింది. కొందరికి దద్దుర్లు లేచాయి. కనుక ఎగుమతిదారులు గుణాల గురించి పెద్ద మాటలు చెప్పి అమ్మడం క్షేమం కాదు. సరుకు స్వచ్ఛతకే హామీ ఇవ్వడం మంచిది.

అసలు చిక్కు సరఫరాలో వున్నది. ఎక్కువ బంక రావాలని లోతుగా గాట్లు పెట్టి, రసాయనాలు పూయడంతో పొదలు ఎండిపోతున్నాయి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ మొక్కను అత్యంత ప్రమాదంలో వున్న జాతుల జాబితాలో చేర్చింది. సింధు సరుకు దారి కూడా మూసుకున్నది. 2019 ఫిబ్రవరిలో పాకిస్తాన్ సరుకులపై 200 శాతం సుంకం విధించిన భారత ప్రభుత్వం, 2025 మే 2న వాటి దిగుమతిని ప్రత్యక్షంగా గాని, మరో దేశం మీదుగా గాని పూర్తిగా నిషేధించింది.

సరుకు తక్కువైనప్పుడు కల్తీకి ఆశ ఎక్కువ. బస్తా పైభాగం నుంచే గాక నడుమ, అడుగు నుంచి కూడా మచ్చు తీయించాలి. ఆ మచ్చును కలిపి, ఇరుపక్షాల ముద్రతో ఒక భాగం దాచుకోవాలి. బూడిద శాతం, అన్య పదార్థాల శాతం, గుగ్గుల్‌స్టెరోన్ శాతం ఒప్పందంలోనే రాయించుకోవాలి. పరీక్ష ఖర్చు ఎవరిదో కూడా ముందే తేల్చుకుంటే, లారీ దిగిన తరువాత తగవు వుండదు.