స్టాంపు కాగితం మీద విడాకులు చెల్లుతాయా?

"పెద్దమనుషుల్లో పెట్టాం, కాగితం రాయించుకున్నాం, ఇక తెగిపోయింది." ఎడ్లపాడులో గానీ, చుట్టుపక్కల ఏ పల్లెలో గానీ ఈ మాట మీరూ వినే ఉంటారు. కట్నం, బంగారం లెక్క చూసుకుని, రెండువైపులవాళ్ళూ సంతకాలు పెట్టి లేచిపోతారు. అమ్మాయికి మరో సంబంధం చూస్తారు. చిక్కంతా ఆ తర్వాతే!

1955 హిందూ వివాహ చట్టం ప్రకారం విడాకులిచ్చేది కోర్టే. కొన్ని కులాల్లో ఆచారంగా వచ్చే విడాకులను చట్టం కాదనలేదు గానీ, ఆ ఆచారం ఉందని సాక్ష్యాలతో రుజువు చెయ్యాలి. చెయ్యలేకపోతే రెండో పెళ్ళి చెల్లదు. రేపు పెన్షనో, ఆస్తో అడగబోతే "మొదటి పెళ్ళి డిక్రీ ఏదమ్మా?" అంటారు. అప్పుడు ఆ పెద్దమనుషులు ఎవరుంటారు? (ముస్లింలకూ, క్రైస్తవులకూ వేరే చట్టాలున్నాయి.)

ఏ కోర్టుకు వెళ్ళాలి?

పెళ్ళి జరిగిన చోట, చివరిగా కాపురమున్న చోట, భర్త ఉంటున్న చోట వెయ్యవచ్చు. 2003 సవరణ తర్వాత భార్య తానుంటున్న చోటే వేసుకోవచ్చు. అంటే ఎడ్లపాడు పుట్టింటికి వచ్చేసిన అమ్మాయి, భర్త హైదరాబాదులో ఉన్నాడని అక్కడిదాకా తిరగనక్కర్లేదు.

ఇద్దరూ ఒప్పుకుంటే

ఏడాదిపాటు విడిగా ఉన్నాక ఇద్దరూ కలిసి పిటిషను వెయ్యాలి. ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలల్లోపు మళ్ళీ వచ్చి అదే మాట చెప్పాలి. ఈలోగా ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. రాజీకి దారే లేదని తోస్తే జడ్జి ఆ ఆరు నెలలూ మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఒకరే కోరితే

హింస, పరాయి సంబంధం, రెండేళ్ళకు తగ్గకుండా వదిలెయ్యడం, మతం మారడం లాంటి కారణం చూపాలి. పెళ్ళయిన ఏడాదిలోపు మామూలుగా కేసు తీసుకోరు. పిటిషను, నోటీసు, అవతలివారి కౌంటరు, రాజీ ప్రయత్నం, సాక్ష్యాలు, తీర్పు - వరస ఇది. శుభలేఖ, పెళ్ళి ఫోటోలు, ఆసుపత్రి చీటీలు జాగ్రత్త చేసుకోండి.

డబ్బు లేదే!

కేసు నడుస్తుండగానే మనోవర్తి, కోర్టు ఖర్చులు ఇప్పించమని 24వ సెక్షను కింద అడగవచ్చు. పిల్లలెవరి దగ్గర ఉండాలో కూడా కోర్టే చెబుతుంది. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. చిలకలూరిపేట, నరసరావుపేట కోర్టుల్లో న్యాయసేవాధికార సంస్థ ఎక్కడని అడగండి. లేదా 15100కి ఫోను చెయ్యండి.

ఒక్క మాట. కాపురం నిలబడితే అంతకంటే కావలసిందేముంది? నిలబడనప్పుడు మాత్రం కోపంలోనో, ఏడుపులోనో తెల్లకాగితం మీద సంతకం పెట్టకండి. డిక్రీ వచ్చినా, 90 రోజుల అప్పీలు గడువు దాటేదాకా మరో పెళ్ళి మాట ఎత్తకండి. డిక్రీ నకలు తీసుకుని బీరువాలో బంగారం పక్కనే దాచుకోండి. రేపు అదే మీకు అండ.