పుట్టి మీద వడదెబ్బ

కృష్ణా నదిలో పుట్టి వేసుకుని చేపలు పట్టేవారికి రోహిణి కార్తెలో ఎండ రెండు వైపుల నుంచి తగులుతుంది. పైన సూర్యుడు. కింద నీళ్ల మీద పడి తిరిగి కొట్టే ఎండ. గాలికి చెమట వెంటనే ఆరిపోతుంది. అందుకే ఒంట్లో నీరు తగ్గిపోతున్నా తెలియదు.

తెల్లవారుజామునే వెళ్లాలి. ఎండ ముదరకముందే ఒడ్డుకు రావాలి. దాహం వేయకపోయినా మంచినీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ తాగుతుండాలి. తలకు తడి తువ్వాలు చుట్టుకోవాలి. ఉక్కపోస్తోందని లైఫ్ జాకెట్ విప్పకూడదు. కళ్లు తిరిగి పడితే ఎంత ఈతగాడైనా మునిగిపోతాడు.

ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బే. వెంటనే నీడకు చేర్చండి. ఒళ్లంతా తడిపి విసరండి. 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి.

చేప రేపైనా దొరుకుతుంది. పోయిన ప్రాణం దొరకదు.