రెండు మూడు గుంటల్లో నీడ సేద్యం

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో కూరగాయలు వేసే రైతుకు మార్చి దాటిందంటే రెండు బాధలు. బోరు తగ్గుతుంది, ఎండకు టమాటా పూత రాలుతుంది. సరుకుంటే నాలుగు పైసలు కళ్లజూసే కాలంలో చేతిలో పంట ఉండదు.

దీనికి మందు పాలీహౌస్ అని చాలామంది చెబుతారు. అయితే ఎకరం పాలీహౌస్ అంటే లక్షల్లో మాట. సబ్సిడీ వచ్చినా మిగతా సొమ్ముకు అప్పు తప్పదు. రెండెకరాల రైతు అంత అప్పు నెత్తికెత్తుకుంటే, ఒక్క పంట దెబ్బతిన్నా కోలుకోవడం కష్టం.

అక్కరలేనివి తీసేస్తే

హైదరాబాదులో 2015లో మొదలైన ‘ఖేతి’ సంస్థ ఈ లెక్కను తిరగేసి చూసింది. చిన్న రైతును దెబ్బతీసేవి ఎండ, పురుగు, నీటి కొరత. వీటిని తట్టుకోవడానికి ఖరీదైన యంత్రాలన్నీ కావాలా? అక్కరలేదనుకుని, కొద్ది స్థలంలో పట్టే చట్రం, పైన వేడిని వెనక్కి కొట్టే వల, చుట్టూ పురుగు దూరని సన్నవల, లోపల డ్రిప్‌తో చిన్న గ్రీన్‌హౌస్ తయారుచేసింది. దాంతోపాటు రైతుకు శిక్షణ, అప్పు, అమ్మకం విషయాల్లో తోడ్పాటు కూడా పెట్టుకుంది.

ఈ పనికి 2022 డిసెంబరులో ఎర్త్‌షాట్ బహుమతి కింద 10 లక్షల పౌండ్లు వచ్చాయి. మామూలు గ్రీన్‌హౌస్ కంటే 90 శాతం చౌక, ఆరుబయటి పంటకంటే 98 శాతం తక్కువ నీరు, 7 రెట్ల దిగుబడి అని బహుమతి ఇచ్చినవారు ప్రకటించారు. మన పొలంలోనూ అంతే వస్తుందని మాత్రం లెక్క కట్టుకోవద్దు. నేల, నీరు, చేసే మనిషిని బట్టి ఫలితం మారుతుంది.

వల చేసే పని

పగటి వేడి 35 డిగ్రీలు దాటితే టమాటా పుప్పొడి దెబ్బతిని పూత నిలవదు. నీడ ఉంటే ఆ వేడి తగ్గుతుంది, మొక్కకు నీరూ తక్కువ పడుతుంది. ఇక సన్నవల తెల్లదోమను అడ్డుకుంటుంది. టమాటాలో ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది ఆ దోమే. అందుకే రెండు తలుపులు పెట్టుకుని, ఒకటి మూశాకే రెండోది తీయాలి. తలుపు బార్లా తెరిచిపెడితే వలకు పెట్టిన డబ్బంతా దండుగ.

ఒక చిక్కుంది. వల తేనెటీగనూ రానివ్వదు. కాబట్టి బీర, కాకర, సొర లోపల వేయవద్దు. వాటికి మీ రాతి కడీల పందిరే మేలు. అది కూడా ఉన్నంతలో రైతు చేసుకున్న ఉపాయమే కదా! లోపల క్యాప్సికం, తీగ టమాటా, ఈగల సాయం లేకుండానే కాసే కీరదోస రకాలు, ఆకుకూరలు వేసుకోవచ్చు. టమాటా తీగలు కట్టిన తాళ్లను పొద్దున పూట మెల్లగా కదిపితే కాపు బాగా నిలుస్తుంది.

డబ్బు పెట్టే ముందు

మే నెలలో బోరు నీళ్లు కొలవండి. 20 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో రాసిపెట్టుకోండి. వానలకు ముందు వచ్చే ఈదురుగాలికి చట్రం నిలుస్తుందా అని అడగండి. వల కొన్నేళ్లకు చిరుగుతుంది. కొత్తది కొనడానికి ప్రతి పంటలో కొంత సొమ్ము పక్కన పెట్టాలి. కనీసం రెండేళ్లు వాడిన రైతు పొలానికి వెళ్లి, లాభం వచ్చిన పంటతోపాటు పోయిన పంట సంగతీ తెలుసుకోండి. సరుకు మెహిదీపట్నం రైతుబజారుకు పోతుందా, ఇంకెక్కడికైనానా అన్నది నాటకముందే తేల్చుకోవాలి.

ఇవన్నీ కుదరలేదా? గుంట జాగాలో కర్రలు పాతి, నీడవల కట్టి, ముందు నారు పెంచి చూడండి. ఆ నారు చేతికొచ్చాక, మిగిలింది ఎంతో చూసుకుని తర్వాతి అడుగు వేయండి.