పశువు ఒంటి మీదా? గోడ పగుళ్లలోనా? – పిడుదుల జాతి గుర్తింపుతోనే సరైన నివారణ

హైదరాబాదు తూర్పు భాగాన మూసీ నదికి ఉత్తరపు ఒడ్డున ఉప్పల్, దానికి ఉత్తరాన నాచారం పారిశ్రామికవాడ ఉన్నాయి. నగరం విస్తరించి మేత బయళ్లు తరిగిపోయినా, మూసీ నీటితో పెరిగే పారాగడ్డి నగర పాడికి ఇప్పటికీ ఆధారంగా ఉంది. ఇటువంటి పాడిలో ముర్రా గేదెలు, సంకరజాతి ఆవులు ఒకే కొట్టంలో ఉండడం, పక్కనే మేకలు, ఒక కాపలా కుక్క కట్టివేసి ఉండడం సాధారణం. వీటన్నిటి ఒంటిపై కనబడే రక్తపీల్చు పురుగును పెంపకందారులు గోమారి అనో పిడుదు అనో ఒకే పేరుతో పిలుస్తారు. పేరు ఒకటే అయినా జాతులు వేరు, అవి మోసుకువచ్చే వ్యాధులు వేరు, దాగే చోట్లు వేరు. మందు పిచికారీ చేసిన కొద్ది రోజులకే పిడుదులు మళ్లీ కనబడుతున్నాయంటే లోపం మందులోనే ఉండనక్కరలేదు. పిడుదు ఒకచోట ఉండగా మందు మరొకచోట చల్లి ఉండవచ్చు.

జీవితచక్రమే కీలకం

పిడుదు గుడ్డు నుండి ఆరు కాళ్ల పిల్లగా, ఆపై ఎనిమిది కాళ్ల నింఫ్‌గా, చివరకు ప్రౌఢ దశకు చేరుతుంది. పశువులపై విస్తారంగా కనబడే రిపిసెఫాలస్ మైక్రోప్లస్ ఏకాతిథేయి. పిల్ల దశలో పశువును పట్టుకొన్నది మొదలు రెండు కుబుసాలనూ అక్కడే విడిచి, సుమారు మూడు వారాల తరువాత రక్తంతో నిండిన ఆడ పిడుదు నేలరాలి, వేల గుడ్లు పెట్టి మరణిస్తుంది. 2003 వరకు దీనిని బూఫిలస్ ప్రజాతిలో చేర్చేవారు. పాత గ్రంథాలు చదివే విద్యార్థులు ఈ మార్పును గమనించాలి.

హయలోమా అనటోలికమ్ నడవడి ఇందుకు భిన్నం. ఇది రెండు లేదా మూడు అతిథేయులపై జీవించి, మధ్య దశలలో పశువును వీడి గోడ పగుళ్లలో, రాళ్ల సందులలో కుబుసం విడుస్తుంది. కుక్కలపై ఉండే రిపిసెఫాలస్ సాంగ్వినియస్ మూడు అతిథేయులు గలది. అది కూడా గోడలెక్కి పగుళ్లలో గుడ్లు పెడుతుంది.

వ్యాధి వ్యాప్తి కూడా ఈ తేడానే అనుసరిస్తుంది. రిపిసెఫాలస్ మైక్రోప్లస్‌లో ఎర్రమూత్ర వ్యాధి కారకమైన బబీసియా తల్లి నుండి గుడ్ల ద్వారా తరువాతి తరానికి చేరుతుంది. థైలేరియా అన్యులేటా గుడ్ల ద్వారా సంక్రమించదు. హయలోమా ఒక దశలో గ్రహించి తరువాతి దశలో మరొక పశువుకు అందిస్తుంది. సంకరజాతి ఆవులలో థైలేరియాసిస్ ప్రాణాంతకం. కుక్క పిడుదు ఎర్లికియా కానిస్‌ను వ్యాపింపజేస్తుంది.

పిడుదు ద్వారా ఏకకణజీవి సంక్రమిస్తుందని టెక్సాస్ జ్వరంపై పరిశోధనతో స్మిత్, కిల్‌బోర్న్ 1893లో ప్రకటించారు. దోమలో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో గుర్తించినది 1897లో.

భూతద్దంతో గుర్తింపు

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో ప్రజాతిని చాలావరకు నిర్ణయించవచ్చు. జాతి నిర్ధారణకు స్టీరియో సూక్ష్మదర్శిని అవసరం. వీపుపై గట్టి కవచం మొత్తం కప్పి ఉంటే మగది, ముందు భాగానికే పరిమితమైతే ఆడది.

• హయలోమా: పొడవైన నోటి భాగాలు, ఉబ్బెత్తు కళ్లు, కాళ్లపై లేత రంగు పట్టీలు. పొదుగు, తోక కింది భాగాలలో వెదకాలి.
• రిపిసెఫాలస్ మైక్రోప్లస్: పొట్టి నోటి భాగాలు, షట్కోణాకార ముఖపీఠం, లేత రంగు కాళ్లు, శరీరపు వెనుక అంచున ఫెస్టూన్లు అనే గళ్లు ఉండవు.
• రిపిసెఫాలస్ సాంగ్వినియస్: ముఖపీఠం షట్కోణమే అయినా వెనుక అంచున ఫెస్టూన్లు ఉంటాయి. కుక్క చెవులు, కాలివేళ్ల సందులు దీని స్థావరాలు.
• హీమాఫైసాలిస్: కళ్లు ఉండవు; స్పర్శాంగాల రెండవ ఖండం పక్కకు పొడుచుకొని ఉంటుంది. మేకలు, గొర్రెల చెవులలో చూడాలి.

నమూనా సేకరణ

పిడుదును చర్మానికి ఆనుకొని శ్రావణంతో పట్టి నిటారుగా లాగాలి. మెలితిప్పితే నోటి భాగాలు విరిగి గుర్తింపు అసాధ్యమవుతుంది. వేళ్లతో నలపరాదు. హయలోమా పిడుదులు వ్యాపింపజేసే క్రిమియన్-కాంగో రక్తస్రావ జ్వరం 2011లో గుజరాత్‌లో మనుషులలో నిర్ధారణ అయింది. నమూనాలను 70 శాతం ఆల్కహాలులో భద్రపరచి తేదీ, ప్రదేశం, పశువు, శరీర భాగం రాసిన చీటీని సీసా లోపలే ఉంచాలి. చీటీని పెన్సిలుతో రాయాలి. సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది. స్థిర స్లైడు కొరకు 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడులో మరిగించి, కడిగి, క్రమంగా గాఢత పెంచిన ఆల్కహాలులో నీరు తొలగించి, జైలీన్‌తో పారదర్శకం చేసి డీపీఎక్స్‌లో అమర్చాలి. ఉబ్బిన ఆడ పిడుదులతో పాటు మగవాటినీ తప్పక సేకరించాలి. జాతి లక్షణాలు వాటిలోనే స్పష్టంగా ఉంటాయి.

గుర్తింపును బట్టి నివారణ

రిపిసెఫాలస్ మైక్రోప్లస్ అయితే కొట్టంలోని పశువులన్నిటికీ ఒకేసారి చికిత్స చేసి, మూడు వారాల చక్రాన్ని దృష్టిలో ఉంచుకొని పునరావృతం చేయాలి. హయలోమా, కుక్క పిడుదు అయితే పశువుకు చేసే చికిత్స సగం పనే. గోడ పగుళ్లు పూడ్చడం, కొట్టంలో పిచికారీ, కుక్కకు చికిత్స జోడించకపోతే ఫలితం నిలువదు. కొత్తగా కొన్న పశువును వేరుగా ఉంచి పరీక్షించాకే మందలో కలపాలి. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులకు రిపిసెఫాలస్ మైక్రోప్లస్ తట్టుకొంటున్నట్లు దేశంలో పలుచోట్ల నమోదైంది. కనుక ఒకే మందును మోతాదు పెంచి వాడరాదు. పాడి పశువులకు వాడే మందుల విషయంలో పాలను మినహాయించవలసిన కాలాన్ని పెంపకందారుకు విధిగా తెలియజేయాలి. ఐవర్‌మెక్టిన్ పాలలోకి విసర్జితమవుతుంది.

థైలేరియాసిస్‌కు బుపార్వాక్వోన్ చికిత్స, హైదరాబాదులోనే తయారయ్యే రక్షావ్యాక్-టి టీకా అందుబాటులో ఉన్నాయి. అయితే ఏ ఆవుకు టీకా అవసరమో తెలియాలంటే ఆ కొట్టంలో హయలోమా ఉన్నదో లేదో ముందుగా తెలియాలి. విస్తరణ శాస్త్రవేత్త కొట్టానికి వెళ్లేటప్పుడు మందు సీసాతో పాటు ఒక ఆల్కహాలు సీసా, శ్రావణం, భూతద్దం తీసుకువెళ్లాలి. పశువుల నుండే కాక గోడ పగుళ్ల నుండి, కుక్క చెవుల నుండి కూడా పిడుదులను సేకరించి పోల్చి చూసిన తరువాతనే మందు సిఫారసు చేయడం శ్రేయస్కరం.