బూరలున్న మౌత్ ఆర్గాన్

కోటప్పకొండ తిరునాళ్లలో కొన్న మౌత్ ఆర్గాన్‌ని మా తరగతిలో ఒక పిల్లవాడు స్టీలు చెంబు మూతి దగ్గర పెట్టి ఊదాడు. ఒక్క స్వరం దగ్గర మాత్రం చెంబు గుమ్మంది. "మాష్టారూ, బ్యాటరీ లేదు కదా, ఆ బలం ఎక్కణ్ణించి వచ్చింది?" అన్నాడు.

నూరేళ్ల కిందట జర్మనీలో హోనర్ కంపెనీవాళ్లు తలకెత్తుకున్నదీ అదే పని, బ్యాటరీ లేకుండా శబ్దం పెంచడం. వాళ్ల 'ట్రంపెట్ కాల్' మౌత్ ఆర్గాన్‌కి ఒక చెక్కపెట్టె, ఆ పెట్టెకి ఐదు ఇత్తడి బూరలు. నాకు దానిమీద ఎంత మమకారమో చెప్పలేను.

మామూలు పది రంధ్రాల మౌత్ ఆర్గాన్‌లో ఇరవై ఇత్తడి రీడ్లు, అంటే సన్నని నాలుకల్లాంటి రేకులు, ఉంటాయి. ఊదితే పలికేవి పది, పీలిస్తే పలికేవి పది. మన పద్యనాటకాల హార్మోనియంలో ఉన్నవీ ఈ జాతివే. పైరేకు విప్పి ఒక రీడును గోటితో మీటి చూడండి. సన్నగా టింగుమంటుంది, పక్కవాడిక్కూడా వినపడదు. అదే రీడు ఊదితే గదంతా నిండుతుంది. ఎందుకంటే రీడు చేసేది తలుపు పని. గాలి తోస్తే వంగుతుంది, స్ప్రింగులా వెనక్కొస్తుంది, దారి మూసీ తెరిచీ గాలిని ముక్కలు ముక్కలుగా వదులుతుంది. సెకనుకి 440 ముక్కలైతే, పాశ్చాత్య వాద్యబృందాలు శ్రుతి కలుపుకునే స్వరం.

చెంబు కొత్తగా బలమేమీ ఇవ్వదు. ఊపిరి ఇచ్చిన బలంలో చాలావరకు శబ్దం కాకుండానే పోతుంది. చెంబులోని గాలికి తనదంటూ ఒక ఊపు ఉంది. రీడు ఊపు దానితో కలిస్తే, ఉయ్యాలని సరైన సమయంలో తోసినట్టు, ఆ స్వరం పెద్దదవుతుంది. చెంబులో నీళ్లు పోస్తే గుమ్మనే స్వరం పైకి జరుగుతుంది. మిగతా స్వరాలకి ఆ మేలు లేదు. పాటకి ఆ పక్షపాతం పనికిరాదు.

అందుకే బూర కావాలి. ఇరుకు దారిలోంచి వచ్చే గాలి కదలికని మెల్లగా వెడల్పయ్యే గొట్టం బయటి గాలికి తేలిగ్గా అందిస్తుంది; గ్రామఫోను బూర చేసిందీ అదే. కాకపోతే పొట్టి బూర పైస్థాయి స్వరాలకే సాయం, మంద్రానికి అంతగా అందదు.

తర్వాత మైకు వచ్చింది. 1952లో అమెరికా బ్లూస్ వాద్యకారుడు లిటిల్ వాల్టర్ మౌత్ ఆర్గాన్‌ని మైకుతో కలిపి గుప్పిట్లో పట్టి 'జూక్' అనే బాణీ వాయించాడు. ఇత్తడి బూరలు అటకెక్కాయి.

మా పిల్లవాడు మాత్రం చెంబులో ఇంకో గుక్కెడు నీళ్లు పోసి, పక్క రంధ్రం ఊదుతున్నాడు.