సముద్రపు చేపలకు చిన్న తొట్టి చాలదు

‘ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుంది, చిన్న తొట్టితో మొదలెట్టనా?’ అని మౌలాలిలో మా కాలనీ ఆడవాళ్లు నన్ను అడుగుతుంటారు. వద్దంటాను. నీళ్లు తక్కువైతే వేడీ, ఉప్పూ, మురికీ గంటల్లో మారిపోతాయి, చేప తట్టుకోలేదు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంతే ఎత్తున్న తొట్టిలో సుమారు 190 లీటర్లు పడతాయి. మొదటిసారికి అది నయం. నీళ్ల బరువే 190 కిలోలు, స్టాండు గట్టిది చూసుకోండి.

ఫిల్టరంటే మోటారొక్కటే కాదు. చేపలు విసర్జించే అమ్మోనియా విషం. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చేది బాక్టీరియా. గుల్లరాళ్ల మీద అది పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందాకా చేపల్ని తేకండి. ప్రోటీన్ స్కిమ్మర్ ఉంటే మురికిని నురగతో పాటు బయటికి లాగేస్తుంది.

బోరునీళ్లు వాడకండి. ఆర్వో నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల అక్వేరియం ఉప్పు కలపండి. మన ఎండలకు నీరు ఆవిరైనా ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. అందుకే తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆర్వో నీళ్లే పోయాలి. కరెంటు పోతే ఊపిరాడదు కనుక బ్యాటరీ గాలిపంపు దగ్గరుంచుకోండి.

పిల్లలు ముచ్చటపడే క్లౌన్ చేపల్లో హేచరీలో పుట్టినవే అడిగి తీసుకోండి. శ్రద్ధగా చూస్తే పదేళ్లు దాటి బతుకుతాయి.