రూట్లు రెండింతలైతే పని ఎన్నింతలు?

బీఎన్నార్ (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) కాలం నుంచీ రైల్వే క్వార్టర్లలో తెలుగు వినిపించే ఊరు ఖరగ్‌పూర్. అక్కడి జంక్షన్‌లో 2017 నవంబరులో సిగ్నళ్ల వ్యవస్థను మార్చారు. రిలేల మీద నడిచిన పాత ఇంటర్‌లాకింగ్ 423 రూట్లను చూసుకునేది. దాని స్థానంలో 800 రూట్లతో కంప్యూటర్ ఆధారిత సాలిడ్ స్టేట్ ఇంటర్‌లాకింగ్ వచ్చింది. రూటంటే ఒక సిగ్నల్ నుంచి ముందున్న మరో సిగ్నల్ దాకా రైలుకిచ్చే దారి. ఒక దారి ఇచ్చాక, దానికి అడ్డొచ్చే మరే దారీ ఇవ్వనీయకుండా కాపలా కాయడమే ఇంటర్‌లాకింగ్ పని. ఇలాంటి పనికి ఎన్ని నెలలు, ఎంత డబ్బు అని అడిగితే, రూట్లు దాదాపు రెండింతలయ్యాయి కాబట్టి అన్నీ రెండింతలు వేసుకుందాం అనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ అంచనాలు తప్పేది చాలావరకు ఇక్కడే. కూడికలు, గుణకారాలు సరిగ్గానే ఉంటాయి, లెక్కపెట్టిన వస్తువే వేరై ఉంటుంది.

సిగ్నలింగ్ ఇంజినీర్లు పరీక్షల్లో ‘స్క్వేర్ షీట్’ అనే గళ్ల పట్టిక వాడతారు. రూట్లన్నిటినీ అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి రాస్తారు. ఒక రూటు ఇచ్చి ఉంచి, మరొకటి అడిగితే వ్యవస్థ ఒప్పుకుంటోందా, కాదంటోందా అని గడిగడికీ చూసి గుర్తు పెడతారు. 423 రూట్లకు ఆ గళ్లు 1,78,929. 800 రూట్లకు 6,40,000. అంటే రూట్లు రెండింతలైనా కాకముందే గళ్లు మూడున్నర రెట్లు దాటాయి. యార్డుకు ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి ఉన్న రూట్లు ఒకదాన్నొకటి తాకవు కదా, అన్ని గళ్లూ ఎందుకు అనొచ్చు. నిజమే, చాలా గళ్లు తేలిగ్గా తీరిపోతాయి. కానీ తాకవు అన్న సంగతిని కూడా ఎవరో ఒకరు చూసి నిర్ధారించాల్సిందే, దానికీ గంటలు పడతాయి.

పరిమాణం పెరిగితే శ్రమ అంతకన్నా వేగంగా పెరుగుతుందన్న సంగతిని సూత్రంగా రాసినవాడు సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ నిపుణుడు బ్యారీ బోమ్. 63 ప్రాజెక్టుల వివరాల నుంచి ఆయన తీసిన ‘కోకోమో’ పద్ధతి 1981లో పుస్తకంగా వచ్చింది. మన ఇంజినీరింగ్ విద్యార్థుల్లో చాలామందికి దాన్ని పరిచయం చేసింది మళ్లీ ఖరగ్‌పూరే. అక్కడి ఐఐటీ ఆచార్యులు రాజీబ్ మాల్ రాసిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ పాఠ్యపుస్తకంలో ఈ లెక్కలున్నాయి. కోకోమో ప్రకారం 32,000 వరుసల మామూలు ఆఫీసు ప్రోగ్రాముకు సుమారు 91 మనిషి-నెలల శ్రమ. అదే 32,000 వరుసలు యంత్రాలతో ముడిపడి, కట్టుదిట్టమైన షరతుల మధ్య నడవాల్సినవైతే 230. వరుసల్ని రెట్టింపు చేస్తే ఆ 230 కాస్తా 529 అవుతుంది. ఇంటర్‌లాకింగ్ ఈ రెండో జాతిది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. ప్రోగ్రాము రాయకముందే వరుసలు ఎన్నో ఎలా తెలుస్తాయి? ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది కదా! బోమ్ కూడా ఈ మాట దాచలేదు. ఆలోచన దశలో వేసిన అంచనా నాలుగు రెట్లు ఎక్కువైనా కావచ్చు, నాలుగో వంతుకు తగ్గినా తగ్గొచ్చు అన్నాడు. వరుసల ఇబ్బంది తప్పించడానికి ఐబీఎంలో అలన్ ఆల్‌బ్రెక్ట్ 1979లో ఫంక్షన్ పాయింట్ల పద్ధతి తెచ్చాడు. లోపలికి వెళ్లే సమాచారం, బయటికొచ్చే ఫలితాలు, దాచుకునే ఫైళ్లు ఇందులో లెక్కకొస్తాయి. బ్యాంకు పనులకు ఇది చక్కగా అతుకుతుంది. స్టేషన్ మాస్టరుకు కనిపించే తెర, బటన్లు చూసి ఇంటర్‌లాకింగ్‌ను కొలిస్తే మాత్రం కాకిలెక్కే, ఎందుకంటే కష్టమంతా తెర వెనక, గళ్లలో ఉంది.

అసలు అంచనాలే వద్దు, రెండేసి వారాలకు ఒక ముక్క చేసుకుంటూ పోదాం అనే వాదం ఇప్పుడు బాగా నడుస్తోంది. షాపింగ్ యాప్‌కు అది చెల్లుతుంది. జంక్షన్‌లో పాత వ్యవస్థను విప్పి కొత్తది బిగించే రోజుల్లో ఇంటర్‌లాకింగ్ ఉండదు, పట్టాలు చీలే పాయింట్లను మనుషులే కాపలా కాస్తూ రైళ్లను నడపాలి, కొన్నిటిని రద్దు చేయాలి. ఆ తేదీ ప్రయాణికులకు ముందే చెప్పాలి. ఆలస్యమైతే ఇంకొందరిని దించుదాం అంటారా? కొత్తవాళ్లకు నేర్పడానికి పాతవాళ్ల సమయమే పోతుందని, ఆలస్యమైన పని ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు.

మిగిలింది టెండరు బాధ. ‘పది నుంచి పద్దెనిమిది నెలలు’ అని నిజం చెప్పినవాడి కన్నా ‘పన్నెండు’ అని తేల్చి చెప్పినవాడికే పని దక్కుతుంది. నా ఉద్దేశంలో దీనికి మందు అంచనా సూత్రాల్లో లేదు, కొనేవాడి చేతిలో ఉంది. యార్డు నక్షా, ఏ రూటుకు ఏ షరతులో చెప్పే కంట్రోల్ టేబుల్ తయారీని విడి పనిగా, విడి డబ్బుతో ముందు చేయించాలి. అవి ఆమోదం పొందాకే సాఫ్ట్‌వేర్‌కూ పరీక్షలకూ ధర, గడువు అడగాలి. అప్పటికి గళ్లెన్నో ఇద్దరికీ తెలిసి ఉంటుంది.